రెబెకమ్మ రక్తం

సురేంద్రబాబు నా భార్యను చంపాడు. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. మోచేతి పైకి మడిచిన చొక్కా చెయ్యిని మళ్లీ కిందికి దించుకున్నాడు. అంతే చేశాడు. వాడు రెబెకమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, నాకు మేనమామ కొడుకు, ఆత్మకూరులో బడిపంతులు. ఆమె పోయిన మూడేళ్లలో నేను వాడి గడప తొక్కలేదు, ఎదురైతే పలకలేదు, ఆమె సమాధి మీద వాడు పెట్టిపోయిన పూలు తీసి మేకలకు వేశాను. ఇప్పుడు వాడు మళ్లీ చావడానికి సిద్ధమయ్యాడు. వాడిని మళ్లీ బతికించాలట. మొదటిసారి నా భార్య ఎముకల్లోంచి మూలుగ తీసి పోశారు, ఈసారి నా కూతురు ఎముకల్లోంచి తీసి పోస్తారట. అందుకే నేను ఈ బస్సులో ఉన్నాను. కాదు, అందుకు కాదు. పిల్లను ఇంటికి తీసుకురావడానికి ఉన్నాను.

కిటికీ అద్దం గడగడమంటోంది. టిక్కెట్టు మడిచి సందులో దోపితే ఆగింది, రోడ్డు గుంట రాగానే మళ్లీ మొదలైంది. ఎవరో చింతపండు బస్తా దారికి అడ్డంగా పెట్టారు, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, ఇటు జరిపితే ఇనుప కమ్మీ, అటు జరిపితే బస్తా. నిన్న ఏంజెలిన్ గుడ్డసంచి సర్దుకుంటూ నా మొహం చూడకుండానే చెప్పింది. "నాయనా, రేపు పొద్దున మామ తిరుపతి బస్సెక్కి రాయవేలూరు ఆసుపత్రికి పోతా ఉండాడు. నువ్వు ఆత్మకూరు బస్టాండుకొచ్చి పొమ్మంటే నేనూ పోతా. నువ్వు రాకుంటే మామను ఎక్కించేసి ఇంటికొచ్చేస్తా. ఇంకెప్పుడూ నిన్ను అడగను." నేను రానని చెప్పాను. "సరే. రాకుంటే రానట్టే" అని సంచి భుజాన వేసుకుంది. అరవలేదు, ఏడవలేదు. వాళ్లమ్మ కూడా అంతే. అరిచి ఏడిస్తే నాకు జవాబు చెప్పడం వచ్చు, ఇట్లా మెల్లగా మాట్లాడే వాళ్లకు ఏం చెప్పాలో ఈ వయసు దాకా తెలియలేదు. ఇరవై దాటిన పిల్ల, పంతులమ్మ ట్రైనింగు అయిపోయింది, నా అనుమతితో పని లేదు. పోదలుచుకుంటే పోవచ్చు. పోకుండా బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టింది. నేను రాకపోతే మామ చచ్చినట్టు. నేను ఇంట్లో కూర్చుని గరిటెలు చెక్కుకుంటే చాలు, వాడు చస్తాడు. చొక్కా చెయ్యి దించుకున్నంత సులువు.

పొద్దున పనిలో కూర్చున్నాను కూడా. చిన్న నర్దిచెట్టు కొయ్య ముక్క తీసుకుని బాడిసతో చెక్కడం మొదలుపెట్టాను. మా ఉదయగిరి గరిటెలు, చెంచాలు ఎక్కడెక్కడికో పోతాయి, చేతికి అలవాటైన పని, కళ్లు మూసుకుని చేస్తాను. చెంచా గుంట తీయబోతే అడుగు తూటుపడింది. ఇంకోటి తీసుకున్నాను, కాడ విరిగింది. లేచి చొక్కా తొడుక్కున్నాను. బస్టాండు దాకా నేను ఏమీ అనుకోలేదు, కాళ్లు నడిచాయి. ఇప్పుడు కోటకొండ వెనక్కి జరుగుతోంది, బురుజు ఒకటి కనిపిస్తోంది, దాని కింద పచ్చగా గీత గీసినట్టు చెట్లు. ఆ చెట్లలో కొయ్యకు పోతాం. నాకు పని నేర్పిన సాయిబు మొదట నేర్పింది చెక్కడం కాదు, నరకడం. మొదలు జానెడు వదలాలి. కొమ్మ తీసుకో, బోదె తీసుకో, మొదలును ముట్టుకోబాకు అనేవాడు. మొదలుంటే రెండు వానలకు పిలకలు లేస్తాయి. ఆ పిలకల్లో కొన్ని కొమ్మలై మన చేతికొస్తాయి, మొదలు మాత్రం మొదలుగానే ఉంటుంది, మళ్లీ పెట్టడానికి. అప్పట్లో వేలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం సంగతి చెబుతుంటే నాకు ఆ మొదళ్లే కనిపించాయి. ఆమె రెండు వేళ్లు చూపించి చెప్పింది. ఎముక లోపల మూలుగలో తల్లి కణాలుంటాయట. ఒక తల్లి కణం రెండవుతుందట. ఒకటి ఇంట్లోనే ఉండిపోతుంది, మళ్లీ తల్లిగానే. రెండోది పనికి పోతుంది, పోయే దారిలో ఎర్రకణమో తెల్లకణమో నెత్తురు గడ్డకట్టించేదో అవుతుంది, పనిచేసి చచ్చిపోతుంది. ఇంట్లో ఉన్నది మాత్రం తరగదు. మనిషి బతికినంతకాలం రోజూ అదే పని. సురేంద్ర ఎముకల్లో ఆ తల్లులు లేకుండా పోయాయి. ఊరాల్సింది ఊరడం మానేసింది.

దుత్తలూరులో పెంచలనరసయ్య ఎక్కాడు. వింజమూరు సంతకు మేకలు తోలే మనిషి. ఎక్కడ సీటు ఖాళీ ఉన్నా నా పక్కనే వచ్చి కూలబడ్డాడు. పలకరించకుండా ఉంటే ఊరుకునే రకం కాదు.

"ఏంది చెంచయ్యా, గరిటెల మూట లేకుండా పోతా ఉండావే. గిరాకీ లేదా?"

"ఉండాది."

"ఆత్మకూరికేనా? మీ బావమరిది కాడికా? మళ్లా మంచాన పడినాడంట గదా. ఒళ్లంతా నల్లమచ్చలంట. మీ పాప మూలుగ ఇస్తాదంట, మా ఆడోళ్లు చెప్పుకుంటా ఉండారు. ఇయ్యనీబాకయ్యా. ఒకసారి మూలుగ తీస్తే ఎముక బోలుగా అయిపోద్ది. రేపు పెళ్లికెవురొస్తారు? కడవెత్తితే నడుం విరిగిపోద్ది."

"వాళ్లమ్మ ఇచ్చింది. తర్వాత నాలుగేళ్లు కడవలు మోసింది."

"ఆమె పాయె గదా."

"ఆమె పోయింది దానివల్ల కాదు."

"ఏమోలే. నేను నూరు మేకలు కోయించినోణ్ణి. మూలుగెముక చీకినాక దాంట్లో మళ్లా ఏమన్నా ఊరిందా? నువ్వే చెప్పు."

"ఆ మేక చచ్చింది కాబట్టి ఊరలా."

ముందు సీటులో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. పెంచలనరసయ్య "అదీ నిజమే" అన్నాడు, జేబులోంచి వక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. వాడి మీద కోపం కాదు. నేను ఎవరి తరఫున మాట్లాడానో అప్పుడు అర్థమైంది. ఇయ్యనీబాకు అని వాడన్నాడు, ఇంట్లోంచి బయలుదేరినప్పుడు నేను అనుకున్నదీ అదే. మరి వాడి మాటను ఎందుకు కొట్టేశాను? పిల్ల ఎండిపోతుందని ఆపవచ్చు. ఊళ్లో అందరూ ఒప్పుకునే కారణం. కానీ అది అబద్ధమని నాకు తెలుసు, నా భార్య ఆ అబద్ధాన్ని నమ్మే చచ్చింది. నేను కూడా అదే చెప్పి ఇంకో మనిషిని చంపాలి. చంపితే చంపాలి, అబద్ధం ఎందుకు? సురేంద్ర చావాలి, అందుకు ఇవ్వద్దు అని బిడ్డ మొహం మీద చెప్పగలనా? చెప్పగలను. నర్రవాడ వచ్చింది, తలనీలాలిచ్చిన గుండ్లు నలుగురు ఎక్కారు, గంధం వాసన. చెప్పగలను.

తొంభై ఒకటో సంవత్సరం అది. వేలూరులో గది తీసుకుని కిరసనాయిలు స్టవ్ మీద అన్నం వండుకునేవాళ్లం, నేనూ రెబెకమ్మా. ఆమె మూలుగే తమ్ముడికి సరిపోయింది. మత్తిచ్చి బోర్లా పడుకోబెట్టి నడుము కింద ఎముకలో సూదులు గుచ్చి తీశారు. లేచాక ఆమె అడిగిన మొదటి మాట "వాడికి ఎక్కించినారా" అని. రెండోది "పిర్ర మీద కాకులు పొడిచినట్టుండాది, నవ్వించబాకయ్యా" అని. నేను నవ్వించలేదు, ఆమే నవ్వింది. అంతకుముందే వాడికి ఘాటు మందులిచ్చి ఎముకల్లో మిగిలిన పాతదంతా చంపేశారు. పొలం దున్ని కాల్చినట్టు, ఒక్క గడ్డిపరక లేకుండా. వాడిని అద్దాల గదిలో పెట్టారు, గాలి కూడా వడకట్టి లోపలికి పంపేవాళ్లు. ఆమె మూలుగను ఎముకలో పోస్తారనుకున్నాం. కాదు, మామూలు నెత్తురు సీసా లాగే స్టాండుకు తగిలించి చేతి నరంలోకి వదిలారు. అంతే. నేను డాక్టరమ్మను అడిగాను, నరంలో పోసింది ఎముకలోకి ఎట్లా పోతుంది, ఎవరు దారి చెబుతారు అని. ఎవరూ చెప్పరు, నెత్తురులో తిరిగి తిరిగి తమ చోటు తామే వెతుక్కుని చేరతాయి అంది. అన్నీ చేరవు, కొన్నే చేరతాయి, ఆ కొన్నే చాలు. అవి ముందు తమలాంటి వాటిని పెంచుకుంటాయి, తర్వాత నెత్తురు పుట్టిస్తాయి. రెబెకమ్మ ఆ మాట విని రాత్రంతా నిద్రపోలేదు. "కొత్త ఊళ్లో దిగి ఇల్లెతుక్కుంటా ఉంటాయి గదా పాపం" అంది.

తర్వాత రోజులు ఒకటే పని. పొద్దున్నే వరండాలో నిలబడి నెత్తురు కణాల లెక్క ఎంతని అడగడం. సున్నా. మళ్లీ సున్నా. వాడి నోరంతా పుళ్లు, జుట్టు రాలిపోయింది, అద్దంలోంచి చెయ్యి ఊపేవాడు. రెబెకమ్మ అద్దానికి నుదురు ఆనించి వాడితో కాదు, వాడి ఎముకలతో మాట్లాడేది. నేను విన్నాను. "లేయండే, లేచి పని చూడండే" అనేది, ఇంట్లో కోడళ్లను లేపినట్టు. ఒక పొద్దున నర్సు ఒక వేలెత్తి చూపించింది, తెల్లకణాలు కనిపించాయని. కొంచెమే, మర్నాడు ఇంకొంచెం. రెబెకమ్మ వరండాలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నా పెళ్లిలో గానీ ఏంజెలిన్ పుట్టినప్పుడు గానీ ఆమెను అంత సంతోషంగా చూడలేదు. ఆ సంగతి నాకు అప్పుడే గుచ్చుకుంది, ఇప్పుడూ గుచ్చుకుంటోంది. నెలలు గడిచాయి, వాడి పాత నెత్తురు పోయి అంతా ఆమెదే అయింది. గ్రూపు కూడా మారిపోయింది. బి పాజిటివ్ వాడు ఓ నెగటివ్ అయ్యాడు, అక్కలాగా. డాక్టరమ్మ పరీక్ష చేసి, నీ నెత్తురు చూస్తే ఆడమనిషిదే అంటారు అని చెప్పిందట. వాడు ఇంటికొచ్చి చెబితే పడీపడీ నవ్వుకున్నారు ఇద్దరూ. "ఇంకేం రా, నా పాత చీరలుండాయి, పట్టకపో" అని ఆమె. "బడికి కట్టకపోతాలే అక్కా, పిల్లకాయలు భయపడతారు" అని వాడు. నేనూ నవ్వాను. నవ్వాను, ఏం చేయను, అప్పుడు వాడు ఇంకా నా భార్యను చంపలేదు.

వింజమూరు. బస్సు ఆగింది. పెంచలనరసయ్య దిగుతూ భుజం తట్టి, "పాపకు మంచి జరగాల్లే" అన్నాడు, ఏది మంచో చెప్పకుండా పోయాడు. నేనూ దిగాను. ఉదయగిరి పోయే బస్సు ఎదురుగా బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, ఎక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను. ఆ బస్సు మెట్టు మీద కాలు పెట్టాను కూడా. సోడా తాగాను, సగంలో వదిలేశాను. కండక్టరు విజిలేశాడు. నేను వచ్చిన బస్సే ఎక్కాను. నా సీట్లో వేరేవాళ్లు కూర్చున్నారు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను, నిలబడితేనే నయం, కూర్చుంటే ఆ రోజే కళ్ల ముందుకొస్తుంది. నిలబడినా వచ్చింది.

గర్భసంచిలో గడ్డ ఉంది రెబెకమ్మకు. నెలల తరబడి నెత్తురు పోతుంటే చెప్పలేదు. ఒకరోజు వంటింట్లో పడిపోయింది, కింద చీరంతా తడిసిపోయింది. జీపులో వేసుకుని ఆత్మకూరు నర్సింగ్ హోముకు తెచ్చాం. డాక్టరు నెత్తురు ముందు ఎక్కించాలి, తర్వాతే ఆపరేషను అన్నాడు. ఓ నెగటివ్. నాది బి, పనికిరాదు. ఏంజెలిన్‌ది నా గ్రూపే, పనికిరాదు. చేతికి అందే దూరంలో ఆ నెత్తురు ఇద్దరి ఒంట్లోనే ఉంది. ఒకరు మంచం మీద ఉన్నారు, ఒకడు గుమ్మంలో ఉన్నాడు. వాడు బడి నుంచి పరుగెత్తుకొచ్చాడు, నిజమే. వస్తూనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు, నిజమే. డాక్టరు ఒక నిమిషం తటపటాయించాడు. రూలు ప్రకారం ఇట్లాంటి మనిషి దగ్గర తీయకూడదు, కానీ వేరే దారి లేదు, ఒక్క సీసాతో ఈయనకేం కాదు, మళ్లీ ఊరుతుంది అన్నాడు. అప్పుడు ఆమె కళ్లు తెరిచింది. పెదాలు తెల్లగా ఉన్నాయి. "వాడికాడ తీయబాకండి" అంది. "నేనిచ్చింది రవ్వంత. అది తీసేస్తే వాడు మళ్లా ఎండిపోతాడు." అంత నెత్తురు పోయినా ఆ మాట స్పష్టంగా అంది.

ఆమెది తెలియనితనం. వేలూరులో అంత విన్నా ఆమె మనసులో ఉన్నది వేరు. పుట్టింట్లో వాళ్లు వాగులో చెలమ తవ్వి నీళ్లు తెచ్చుకునేవాళ్లు. చిప్పతో తోడితే ఊరుతుంది, కూర్చుని ఉంటే మళ్లీ ఊరుతుంది. కానీ చిన్నప్పుడు ఒక కరువేడు చెలమ అడుగంటింది, ఇసుక గీరినా చుక్క రాలేదు, ఆ ఏడు వాళ్ల చెల్లెలు ఒకటి పోయింది. ఎన్నిసార్లు చెప్పిందో ఆ కథ. ఊరుతుందని ఆమెకు తెలుసు, ఊరడం ఆగిపోతుందని అంతకంటే బాగా తెలుసు. తమ్ముడి ఎముకల్లో తాను పోసింది ఒక చిప్పెడు నీళ్లు, దాన్ని కాపాడుకోవాలి, అంతే ఆమె లెక్క. చావబోయే మనిషి మాట, వదిలేయండి. వాడు చదువుకున్నవాడు. పిల్లలకు సైన్సు చెప్పేవాడు. ఒంట్లో ఆమె నెత్తురు రోజూ పుట్టి రోజూ చచ్చి మళ్లీ పుడుతుంటే నాలుగేళ్లు బతికినవాడు. వాడికి తెలుసు. వాడు నావైపు తిరిగి, "అక్క వద్దంటాంది బావా" అన్నాడు. "నీయక్క మాట వినొద్దురా, పడుకో" అని అరిచాను. వాడు ఆమె వైపు చూశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది, వాడు చొక్కా చెయ్యి దించుకున్నాడు. ఆ దించుకునేటప్పుడు వాడి మొహం చూశాను నేను. ఏడుస్తున్నాడు. ఏడుపు వెనక ఊరట ఉంది. భయపడ్డాడు వాడు, మళ్లీ అద్దాల గది గుర్తొచ్చింది, ఆమె మాట దొరికింది, దాని వెనక దాక్కున్నాడు. బొత్తం కూడా పెట్టుకున్నాడు. వాడిని కొట్టడానికి కూడా వ్యవధి లేదు, జీపెక్కి నెల్లూరు పరుగెత్తాను. సీసా దొరికింది. ఐసులో పెట్టించుకుని ఒళ్లో పట్టుకుని తెచ్చాను. వచ్చేసరికి ఆమె మీద దుప్పటి కప్పి ఉంది. సీసా ఇంకా చల్లగా ఉంది. ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

పొలాలు పచ్చబడుతున్నాయి, సోమశిల కాలువ నీళ్లు వచ్చినట్టున్నాయి, ఆత్మకూరు దగ్గరపడింది. చెమటకు కమ్మీ జారుతోంది. ఇప్పుడు వాడిలో ఆమె తల్లి కణాలు అలిసిపోయాయట. ఎందుకో డాక్టర్లకూ తేలలేదు. అదే మనిషిది మళ్లీ పోస్తే మేలు అన్నారట. ఆ మనిషి ఉదయగిరి కొండ కింద మట్టిలో ఉంది. అప్పుడు ఏంజెలిన్ నాకు చెప్పకుండా పోయి పరీక్ష చేయించుకుంది. మేనకోడలిది సరిపోవడం అరుదట, కానీ సరిపోయింది. డాక్టరమ్మ నవ్వి, "మీ ఇళ్లల్లో మేనరికాలు చేసుకోవద్దని మేము చెబుతూనే ఉంటాం, ఈసారికి అదే అక్కరకొచ్చింది" అందట. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుందట ఎవరికైనా. తల్లి సగం రెబెకమ్మది. తండ్రి సగం కూడా ఆ ఇంటిదే, మా అమ్మ పుట్టింటి నుంచి మోసుకొచ్చి నాకిచ్చింది, నేను నా కూతురికిచ్చాను. అంటే వాడికి కావలసినదాంట్లో సగం నా ఒంట్లోంచి పోయిందే. నేను వాడి పేరు ఎత్తకుండా గడిపిన మూడేళ్లూ అది నా ఎముకల్లోనే ఉంది. చీల్చి పారేయలేను.

ఇంకోటి ఉంది. ఇది ఏంజెలిన్‌కు తట్టలేదు, నాకు రాత్రి పడుకున్నప్పుడు తట్టింది. కొత్తది పోసే ముందు పాతదాన్ని చంపేస్తారు గదా. ఈసారి చంపేది వాడిది కాదు, ఆమెది. నేలమీద రెబెకమ్మ ప్రాణంతో మిగిలి ఉన్నది వాడి ఎముకల్లో ఆ కాస్తే. మూడేళ్లుగా వాడి మొహం చూడకుండా తల తిప్పుకున్నాను, ఆ మొహంలో ఎరుపు ఆమెదని తెలిసీ. తల తిప్పుకున్నది కోపంతో అనుకున్నాను. ఇప్పుడు ఆ ఎరుపు కూడా పోతుంది, రేపు వాడి నెత్తురు బి పాజిటివ్ అవుతుంది, నా గ్రూపు, ఏంజెలిన్ గ్రూపు. ఆమె పేరు ఏ పరీక్షలోనూ రాదు. వద్దంటే ఆమెతో పాటు వాడు చస్తాడు. సరే అంటే ఆమె ఒక్కతే చస్తుంది, మళ్లీ. ఎట్లా చూసినా ఆమె చస్తుంది. బస్సు మలుపు తిరిగింది, బస్టాండు, కేకలు, అరటిపళ్ల బుట్టలు, తిరుపతి బస్సు అప్పటికే ఇంజను ఆడిస్తోంది.

ఏంజెలిన్ సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది, సంచి ఒళ్లో పెట్టుకుని, నా బస్సు వైపే చూస్తూ. లేవలేదు. వాడు నాలుగడుగుల దూరంలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని, మచ్చలు కనిపించకుండా. మొహం సున్నం కొట్టినట్టుంది. చేతిరుమాలు నోటికి అడ్డంపెట్టుకుని తీశాడు. చిగుళ్ల నెత్తురు, గుడ్డ మీద ఎర్రటి మరక. ఎరుపు బాగానే ఉంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. వాడు అది చూసి రుమాలు జేబులో పెట్టుకోబోయాడు.

"దాచబాకు" అన్నాను. మూడేళ్ల తర్వాత వాడితో నేనన్న మొదటి మాట అది.

"బావా" అన్నాడు. "నేను రమ్మనలా. పాపే..."

"తెలుసు."

"నువ్వు వద్దంటే నేనొక్కణ్ణే పోతా. నాకేం కష్టం లేదు. ఆ రోజు సంగతి నేను..."

"నోరు మూసుకో."

ఏంజెలిన్ లేచి నిలబడింది. దాని చేతులు సంచి పట్టీని నలుపుతున్నాయి.

"నాయనా, తీసుకుపోవడానికొచ్చినావా, పంపియ్యడానికొచ్చినావా?"

"తీస్తే మళ్లా ఊరుతుందని నమ్ముతా ఉండావా నువ్వు?"

"నమ్మకమేంది, ఊరుద్ది. కొన్ని వారాలకు అంతా మామూలే. చూసినారు, లెక్కేసినారు."

"మీ అమ్మ నమ్మలా."

"నేను అమ్మను కాదు నాయనా."

కండక్టరు తిరుపతి, తిరుపతి అని అరుస్తున్నాడు. నేను వాడి దగ్గరికి నడిచాను. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు, కొడతాననుకున్నాడేమో. చొక్కా చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు దగ్గర బొత్తం తీశాను. ఒక మడత, ఇంకో మడత, మోచేతి పైదాకా మడిచాను. చెయ్యంతా మచ్చలు, నేరేడుపళ్లు చిదిపినట్టు. నా వేలు తగిలినచోట కూడా కొత్త మచ్చ తేలుతుందని తెలుసు. చర్మం వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఎవరిదో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"ఇను. ఒకసారే చెప్తా. రేపు నువ్వు లేచి తిరుగుతావు. ఎప్పుడన్నా ఈ పిల్ల పడిపోయి ఉంటే, దానికి నెత్తురు కావాల్సొస్తే, అప్పుడు నీ ఒంట్లో ఉండేది దాని నెత్తురే. అది వద్దన్నా, ఏడ్చి కాళ్లు పట్టుకున్నా, డాక్టరే వద్దన్నా, ఈ చెయ్యి దించబాకు."

వాడు తల ఊపాడు. చెయ్యి దించలేదు, అట్లాగే మడిచి ఉంచుకుని బస్సెక్కాడు. ఏంజెలిన్ మెట్టు మీద ఆగి నాకోసం చెయ్యి చాపింది. ఎక్కాను. వాళ్లిద్దరూ ముందు కూర్చున్నారు. నేను చివరి సీటులో, కిటికీ పక్కన. అద్దం గడగడమంటోంది, దోపడానికి ఈసారి కాగితం కోసం వెతకలేదు.

క్షమించానని వాడు అనుకుంటే అది వాడి పొరపాటు. వాడు నా భార్యను చంపాడు, మొదట చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. వేలూరులో ఉన్నన్నాళ్లూ వాళ్లకు అన్నం వండుతాను, వరండాలో నిలబడి లెక్క ఎంతని నర్సును అడుగుతాను, వాడి నెత్తురు మారిన రోజున బయటికి పోయి ఒంటరిగా కూర్చుంటాను. ఎందుకని ఏంజెలిన్ అడగవచ్చు. ఊళ్లో పెంచలనరసయ్య అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. మేకల రేటు చెబుతాను, కొయ్య దొరకడం లేదని చెబుతాను. దీని గురించి మాత్రం ఈ నోట ఇంకొక్క మాట రాదు.